యజమానికి ప్రతినిధి ఉండడు

ఒక కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమ్‌ను, అంటే యంత్రంలోని అన్ని భాగాలను నడిపిస్తూ ఇతర ప్రోగ్రాములకు ఆధారంగా నిలిచే మూల సాఫ్ట్‌వేర్‌ను, నెలకొల్పే పనిని ఇన్‌స్టాలర్ అనే ప్రోగ్రాము చేస్తుంది. ఆ ప్రోగ్రాము ముందుగా యంత్రంలో ఏయే పరికరాలున్నాయో వెతుకుతుంది. దీనికే హార్డ్‌వేర్ గుర్తింపు అని పేరు. ఎంత లోతుగా వెతకాలి, దొరికినదాన్ని ఎంతవరకు నమ్మాలి, దొరకనిదాన్ని లేదని తీర్మానించవచ్చునా, సందేహం కలిగినప్పుడు యజమానిని అడగాలా లేక తానే తేల్చుకోవాలా అన్న ప్రశ్నలకు ఇన్‌స్టాలర్‌ను రాసినవారు ముందుగానే సమాధానాలు పెట్టి ఉంచుతారు. ఎవరూ మార్చకపోతే వాటంతటవే అమలయ్యే ఆ సమాధానాలను డిఫాల్ట్‌లు అంటారు. పైకి ఇది పూర్తిగా ఇంజనీర్ల వ్యవహారంగా కనిపిస్తుంది. అయితే లేనిదాన్ని లేదని తెలుసుకోవడం ఎలా, ఎదుట లేని మనిషి తరఫున మరొకరు ఎంతవరకు నిర్ణయించవచ్చు అనే రెండు ప్రశ్నలు ఇందులో ఇమిడి ఉన్నాయి. ఆ రెండింటి గురించీ భారతీయ దర్శనాలు వెయ్యేళ్లకు పైగా వాదించుకున్నాయి.

ఆ వాదాలు నేటికీ ఎంత సజీవమైనవో తెలియాలంటే నగరాల నుంచి కాక, చోడవరం ప్రాంతంలోని చీడికాడ వంటి ఊరి వైపు నుంచి చూడడం మేలు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండి, ఆనాటి నుంచి అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ మండల కేంద్రంలో ఒక విద్యార్థి పాత లాప్‌టాప్ మీద లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను వేసుకోదలిస్తే, ఆ యంత్రానికి సంబంధించిన సగం నిర్ణయాలు అతడు పెన్‌డ్రైవ్ గుచ్చకముందే, అతని ఊరి పేరు కూడా వినని మనుషుల చేతుల్లో జరిగిపోయి ఉంటాయి. అడిగి తెలుసుకోవడానికి పక్కనే నిపుణుడు దొరికే చోట డిఫాల్ట్ అన్నది ఒక సౌకర్యం మాత్రమే. అలాంటివాడు దొరకని చోట అదే విధి.

గుర్తింపు విషయాన్ని ముందు చూడాలి. 1990ల తొలినాళ్ల వరకు పర్సనల్ కంప్యూటర్లలో వాడిన ఐఎస్ఏ తరహా కార్డులకు తమ పేరు తాము చెప్పుకునే ఏర్పాటు ఉండేది కాదు. కాబట్టి ఇన్‌స్టాలర్ ఒక్కొక్క పోర్టు చిరునామాకు, అంటే పరికరంతో సమాచారం మార్చుకునే స్థానానికి, ఏదో ఒక సంకేతం పంపి, వచ్చిన ప్రతిస్పందనను బట్టి అక్కడ ఫలానా నెట్‌వర్క్ కార్డు ఉందని ఊహించవలసి వచ్చేది. ఆ చిరునామాలో వేరే పరికరం ఉంటే, తనది కాని ఆ సంకేతానికి అది తికమకపడి యంత్రమంతా స్తంభించిపోయే ప్రమాదం ఉండేది. అందుకే ఫలానా పోర్టులను తాకవద్దని ముందే చెప్పడానికి లినక్స్ కెర్నెల్‌లో, అంటే దాని మూలభాగంలో, ప్రత్యేకమైన ఒక సూచన ఉండేది. 1995 ఆగస్టులో వెలువడిన విండోస్ 95 మరొక ఉపాయం పన్నింది: గుర్తింపు మధ్యలో యంత్రం ఆగిపోతే, ఎక్కడ ఆగిందో ఒక ఫైలులో నమోదై ఉండి, తరువాతి ప్రయత్నంలో ఆ అడుగును దాటవేసేది. తెలుసుకోవాలనే ప్రయత్నమే తెలుసుకోదలచిన వస్తువుకు హాని చేయగలదని ఆ తరం ఇంజనీర్లు అనుభవంతో గ్రహించారు.

పీసీఐ అనే వ్యవస్థ వచ్చాక పరిస్థితి మారింది. ఇందులో ప్రతి పరికరం 16 బిట్ల తయారీదారు సంఖ్యను, మరొక 16 బిట్ల పరికర సంఖ్యను తనలోనే దాచుకుని, అడిగిన వెంటనే చెబుతుంది. అడిగిన చోట పరికరమే లేకపోతే సమాధానంగా అన్నీ ఒకట్లే వస్తాయి; ఆ సంఖ్యను ఏ తయారీదారుకూ కేటాయించరు కాబట్టి ఇన్‌స్టాలర్ దానిని లేమికి గుర్తుగా గ్రహిస్తుంది. అంటే ఉన్నదాన్ని ఉన్నదని చెప్పడానికి ఎంత పక్కా ఏర్పాటు ఉందో, లేనిదాన్ని లేదని చెప్పడానికీ అంతే పక్కా ఏర్పాటు ఉంది.

ఈ రెండు యుగాల మధ్య ఉన్న తేడాను మీమాంసకులు, అంటే వేదవిధులను విచారించిన దార్శనికులు, తార్కికులు చాలా ముందే సూక్ష్మంగా విడదీశారు. అన్నంభట్టు అనే ఆంధ్ర పండితుడు రచించి, నేటికీ తర్కశాస్త్ర విద్యార్థులకు తొలి పాఠ్యంగా ఉన్న తర్కసంగ్రహం అభావాన్ని, అంటే లేకపోవడాన్ని, ఒక పదార్థంగానే అంగీకరించి దానిని నాలుగు విధాలుగా విభజించింది: పుట్టకముందు లేకపోవడం ప్రాగభావం, నశించిన తరువాత లేకపోవడం ప్రధ్వంసాభావం, మూడు కాలాల్లోనూ లేకపోవడం అత్యంతాభావం, ఒకటి మరొకటి కాకపోవడం అన్యోన్యాభావం. ఆ అభావం ఏ ప్రమాణం వల్ల, అంటే ఏ జ్ఞానసాధనం వల్ల, తెలుస్తుందన్న విషయంలో మతభేదం ఉంది. ఇంద్రియంతోనే తెలుస్తుందని న్యాయదర్శనానికి చెందిన నైయాయికులు అంటే, అనుపలబ్ధి, అంటే కనబడకపోవడం, అనేదే వేరొక ప్రమాణమని మీమాంసకుడు కుమారిల భట్టు అనుయాయులు అన్నారు. ఎవరు ఏమన్నా అందరూ ఒక షరతు దగ్గర కలుస్తారు: కనబడకపోవడం లేకపోవడానికి రుజువు కావాలంటే, ఆ వస్తువు ఉండి ఉంటే తప్పక కనబడే పరిస్థితి ఉండాలి. వెలుగున్న గదిలో నేల మీద కుండ కనబడకపోతే అక్కడ కుండ లేదు. చీకటి గదిలో కనబడకపోతే దాని వల్ల ఏమీ తేలదు. బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి దీనిని మరింత కరకుగా చెప్పాడు. కనబడదగిన వస్తువు కనబడకపోవడం లేమిని నిర్ణయిస్తుందనీ, కనబడే యోగ్యత లేనిది కనబడకపోవడం సంశయాన్ని మాత్రమే మిగుల్చుతుందనీ ఆయన సిద్ధాంతం. ఆయనకు పూర్వపు బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథాన్ని, అంటే తర్కశాస్త్ర గ్రంథాన్ని, ఆంధ్రదేశంలో, వేంగి దాపున ఉన్న ఒక కొండ మీద రచించాడని చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ రాశాడు. అనకాపల్లి దగ్గరి శంకరంలో, బొజ్జన్నకొండ మీద రాతిలో తొలిచిన స్తూపాలు ఉన్నాయి. చీడికాడ ప్రాంతానికి బౌద్ధం దూరపు సంగతి కాదు.

ఇన్‌స్టాలర్‌కు ఈ షరతు అక్షరాలా వర్తిస్తుంది. పీసీఐ పరికరం విషయంలో గది వెలుగుతోంది. అడిగితే చెప్పే యోగ్యత ఉంది కాబట్టి మౌనం లేమికి నిదర్శనం. పాత ఐఎస్ఏ కార్డు విషయంలో గది చీకటి. అక్కడ సమాధానం రాకపోవడాన్ని బట్టి కార్డు లేదని ఇన్‌స్టాలర్ డిఫాల్ట్‌గా తీర్మానిస్తే అది తర్కదోషమే. ఇక్కడ న్యాయమైన డిఫాల్ట్ ఏమిటన్నది స్పష్టం: చూడగలిగిన చోట చూసి తేల్చాలి, చూడలేని చోట తనకు కనబడలేదని మాత్రమే చెప్పి, ఆ మాటను లేదు అనే మాటగా మార్చకుండా మనిషిని అడగాలి.

దొరికినదాన్ని నమ్మడం విషయంలోనూ దర్శనాలు విడిపోతాయి. కలిగిన జ్ఞానం స్వతహాగానే ప్రమాణమనీ, దానికి బాధకం, అంటే దానిని కాదని నిరూపించే మరొక జ్ఞానం, వచ్చినప్పుడు మాత్రమే విడిచిపెట్టాలనీ మీమాంసకుల స్వతఃప్రామాణ్యవాదం. జ్ఞానం నిజమైనదని తెలియడానికి, దానిని బట్టి చేసిన ప్రవృత్తి ఫలించిందా లేదా అన్న బయటి ఆధారం కావాలని నైయాయికుల పరతఃప్రామాణ్యవాదం. నేటి ఇన్‌స్టాలర్లు చాలావరకు మీమాంసకుల పక్షాన నడుస్తాయి: తెర చిప్ తన సంఖ్య చెబితే నమ్మి, దానికి తగిన డ్రైవర్‌ను, అంటే ఆ పరికరంతో మాట్లాడే చిన్న ప్రోగ్రామును, ఎక్కించి ముందుకు సాగుతాయి, తెర నల్లబడితేనే బాధకం తగిలినట్లు. అప్పుడు ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థల్లో సురక్షిత గ్రాఫిక్స్ అనే వేరొక మార్గం ఉంటుంది. ఈ క్రమమే సరైనదని ఒప్పుకోవాలి, ఎందుకంటే ప్రతి గుర్తింపునూ రుజువయ్యే దాకా అనుమానించే ఇన్‌స్టాలర్ ఏ యంత్రంలోనూ పని పూర్తి చేయలేదు. అయితే బాధకం వచ్చినప్పుడు వెనక్కి తిరిగే దారి తెరిచి ఉండాలి. అది లేని స్వతఃప్రామాణ్యం మూఢనమ్మకమే.

ఇంతవరకు చర్చించినది ఉన్నది, లేనిది అనే విషయం. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యపు ఆరంభంలోనే చేసిన ఒక విభజన ఇక్కడ కీలకం. జ్ఞానం వస్తుతంత్రం, అంటే వస్తువు ఎలా ఉంటే అలాగే ఉండవలసినది; ఎదుట ఉన్నది మొద్దు అయితే దానిని మనిషి అని ఎంచుకునే స్వేచ్ఛ ఎవరికీ లేదు. క్రియ పురుషతంత్రం, చేయడం, చేయకపోవడం, మరోలా చేయడం మనిషి ఇచ్ఛ మీద ఆధారపడి ఉంటాయి. యంత్రంలో ఏ వైఫై చిప్ ఉందన్నది వస్తుతంత్రం కాబట్టి అందులో యజమాని అభిప్రాయం అడగడం అర్థరహితం. ఆ చిప్‌ను ఏ షరతుల మీద పనిచేయించాలి, ఏ డిస్కును చెరిపివేయాలి, ఏ భాషలో మాట్లాడాలి అన్నవి పురుషతంత్రాలు. డిఫాల్ట్‌ల చుట్టూ రేగే వివాదాలలో ఎక్కువ భాగం ఈ రెంటినీ కలగలపడం వల్ల పుట్టినవే.

పురుషతంత్రమైన ప్రతిదాన్నీ అడగడమే ధర్మమా అంటే, మీమాంసకులు దానికీ ఒప్పుకోరు. దర్శపూర్ణమాస యాగంలో పురోడాశానికి, అంటే హోమంలో అర్పించే పిండి రొట్టెకు, వ్రీహులనైనా, అంటే వడ్లనైనా, యవలనైనా వాడవచ్చునని రెండు విధులున్న చోట వారు వికల్పాన్ని, అంటే ఇచ్ఛాపూర్వకమైన ఎంపికను, అంగీకరించారు గాని దానిలో ఎనిమిది దోషాలు లెక్కపెట్టారు. ఒక విధిని పట్టుకున్నప్పుడు ప్రమాణమైన రెండవ విధిని అప్రమాణంగా పక్కన పెట్టాలి; మరునాడు రెండవదాన్ని పట్టుకుంటే నిన్న తోసివేసినదాన్ని తిరిగి ప్రమాణంగా ఎత్తుకోవాలి; ఇలా ఇరువైపులా నాలుగేసి చొప్పున దోషాలు. కాబట్టి గత్యంతరం లేనప్పుడే వికల్పం. అడుగడుగునా ప్రశ్న వేసే ఇన్‌స్టాలర్ స్వేచ్ఛను ఇస్తున్నట్లు కనిపించినా, సమాధానం తెలియని మనిషి మీద భారాన్ని మోపి, తప్పు జరిగితే ఎంచుకున్నది నువ్వే కదా అని చేతులు దులుపుకుంటుంది.

ఆ భారాన్ని తూకం వేసే ప్రయత్నం డెబియన్ ప్రాజెక్టు చేసింది. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించగా ప్రపంచమంతటా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతున్న ఈ లినక్స్ వ్యవస్థలో, ఇన్‌స్టాలర్ అడగదగిన ప్రశ్నలకు నాలుగు స్థాయిలున్నాయి. దాదాపు అన్ని చోట్లా పనిచేసే డిఫాల్ట్ ఉన్నవి అట్టడుగు స్థాయి; సహేతుకమైన డిఫాల్ట్ ఉన్నవి మధ్యస్థాయి; అలాంటి డిఫాల్ట్ లేనివి పై స్థాయి; మనిషి జోక్యం లేకపోతే వ్యవస్థ పాడయ్యేవి అన్నిటికంటే పై స్థాయి. సాధారణ యజమానికి పై రెండు స్థాయిల ప్రశ్నలే ఎదురవుతాయి, కావాలనుకున్నవారు నిపుణుల పద్ధతిలో మిగిలినవి కూడా చూడవచ్చు. పాణిని వ్యాకరణంలోనూ మీమాంసలోనూ ఉత్సర్గం, అపవాదం అనే జంట చేసే పని ఇదే: ఉత్సర్గం అనే సామాన్య నియమం అంతటా వర్తిస్తుంది, అపవాదం నిలిచిన చోట మాత్రం అది తప్పుకుంటుంది.

డిఫాల్ట్ ఎంత దూరం పోవచ్చునో తేల్చడానికి మీమాంసలోని ప్రతినిధి విచారం, అంటే ఒకదాని బదులు మరొకటి చెల్లుతుందా అన్న చర్చ, ఉపకరిస్తుంది. మీమాంసకు మూలమైన జైమిని సూత్రాలలో ఆరవ అధ్యాయం, మూడవ పాదంలో ఇది ఉంది. విధించిన ద్రవ్యం దొరకనప్పుడు నిత్యకర్మను మానరాదు, దానికి పోలికగల ద్రవ్యంతో జరపాలి. వ్రీహులు లేకపోతే నీవారాలు, అంటే అడవి వడ్లు, చెల్లుతాయి. తగిన డ్రైవర్ దొరకనప్పుడు సామాన్యమైన తెర డ్రైవర్‌తో ఇన్‌స్టాలర్ పని కొనసాగించడం ఇటువంటి ప్రతినిధి ద్రవ్యమే. రంగులు, వేగం తగ్గుతాయి గాని పని ఆగదు. అయితే అదే పాదంలో జైమిని హద్దులు గీశాడు. దేవతకు ప్రతినిధి లేదు, అగ్నికి లేదు, మంత్రానికి లేదు. అన్నిటికంటే ముఖ్యంగా స్వామికి, అంటే ఏ ఫలాన్ని కోరి యాగం జరుగుతుందో ఆ యజమానికి, ప్రతినిధి లేడు. ఋత్విజులు, అంటే యాగం జరిపించే పురోహితులు, యజమాని తరఫున ఎన్ని పనులైనా చేయవచ్చు, దక్షిణ పుచ్చుకోవచ్చు. ఆ ఫలాన్ని కోరుకునే స్థానంలో మాత్రం వారు కూర్చోలేరు.

తెలుగునాట ఆలయాలలో ఈ హద్దు నిత్యం ఆచరణలో కనిపిస్తుంది. అర్చన చేయించుకునే భక్తునికి గోత్రం తెలియకపోతే, ప్రజలందరికీ మూలపురుషుడిగా పురాణాలు చెప్పే కశ్యపుని పేరు మీద కాశ్యప గోత్రాన్ని చెప్పి అర్చన జరిపిస్తారు. గోత్రం తెలియదన్న కారణంతో గుడి వాకిలి నుంచి ఎవరినీ వెనక్కి పంపకుండా ఉండడానికి పూర్వులు ఏర్పరచిన డిఫాల్ట్ ఇది. దీనిలో ఎంతో కరుణ ఉంది. కానీ ఏ అర్చకుడూ భక్తుని పేరును మాత్రం తానుగా ఊహించి పలకడు. గోత్రానికి పూరణ ఉంది, పేరుకు లేదు. ఎందుకంటే సంకల్పంలో పేరు చెప్పుకున్నవాడే ఆ కర్మకు స్వామి.

డెబియన్ ఇన్‌స్టాలర్‌లో దీనికి సాటివచ్చే స్థానం డిస్కు విభజన. డిస్కును ఎలా భాగాలు చేయాలో ఇన్‌స్టాలర్ తానే సూచిస్తుంది, కొలతలు తానే వేస్తుంది; కానీ ఆ మార్పులను డిస్కు మీద రాయాలా అన్న చివరి ప్రశ్నకు డిఫాల్ట్ సమాధానం వద్దు అనే ఉంటుంది. తిరిగి రాని నష్టం ఉన్న చోట మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదన్న వివేకం అది. 2003లో ఎరిక్ జాన్సన్, డేనియల్ గోల్డ్‌స్టీన్ సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన, అవయవదానానికి వద్దనని ప్రతివారినీ దాతగా లెక్కించే దేశాలలో దాతలుగా లెక్కకు వచ్చేవారి శాతం మిగతా దేశాల కంటే చాలా ఎక్కువగా ఉందని చూపింది. ఎక్కువమంది డిఫాల్ట్‌ను మార్చరన్నది నిజం. వారు మార్చలేదు కాబట్టి కోరుకున్నారనడం మాత్రం నిజం కాదు.

అన్నిటికంటే కఠినమైన పరీక్ష ఫర్మ్‌వేర్ విషయంలో ఎదురైంది. ఫర్మ్‌వేర్ అంటే పరికరం లోపలే నడిచే చిన్న ప్రోగ్రాము. నేటి వైఫై చిప్‌లు చాలావాటిలో అది శాశ్వతంగా నిలిచి ఉండదు, ప్రతిసారీ ఆపరేటింగ్ సిస్టమ్ అందించాలి. వాటి మూలరూపాన్ని తయారీదారులు బయటపెట్టరు, మార్చడానికి అనుమతి ఇవ్వరు. 1997 నాటి తన సామాజిక ఒప్పందంలో పూర్తిగా స్వేచ్ఛాయుతంగా ఉంటానని ప్రతిజ్ఞ చేసిన డెబియన్, ఆ కారణంగా వాటిని అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చేది కాదు. ఫలితంగా ఇన్‌స్టాలర్ వైఫై చిప్‌ను సరిగ్గా గుర్తించేది, దానికి ఏ ఫైలు కావాలో పేరుతో సహా చెప్పేది, ఆ ఫైలును మరొక చోటి నుంచి తెచ్చి పెట్టమనేది. నగరంలోని కార్యాలయంలో నెట్‌వర్క్ కేబుల్ ఉన్నవారికి అది చిన్న ఆటంకం. ఉన్న ఒక్క కంప్యూటరునూ ఇన్‌స్టాలర్‌కు అప్పగించిన పల్లె విద్యార్థికి, ఫైలు తెచ్చుకోవడానికి నెట్ కావాలి, నెట్ కోసం ఫైలు కావాలి అన్న చిక్కుముడి. ఒకరి వ్రతానికి ఉపవాసం మరొకరు చేయవలసి వచ్చింది.

2022లో డెబియన్ సభ్యులు ఈ విషయం మీద ఓటు వేసి ఒప్పందాన్ని సవరించుకున్నారు. 2023 జూన్ 10న వెలువడిన డెబియన్ 12 నుంచి అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ ఉంటుంది. అవసరమని యంత్రం గుర్తించిన చోట డిఫాల్ట్‌గా అమలవుతుంది. ఆ ఓటు ప్రకారం, ఏది వాడారో యజమానికి తెలియజేయాలి, వద్దనుకునేవారు మొదట్లోనే ఆపుకునే వీలుండాలి. దీనిని ధర్మచ్యుతి అన్నవారూ ఉన్నారు. వారి మాటను తేలికగా తీసివేయరాదు. చదవడానికి వీలులేని ప్రోగ్రాము తన యంత్రంలో నడవడం ఇష్టం లేని మనిషి నిష్ఠ నిజమైన నిష్ఠే, ఆ నిష్ఠ లేకపోతే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనేదే పుట్టి ఉండేది కాదు. అయినా 2022 నాటి నిర్ణయమే న్యాయమైనది. నిష్ఠ యజమానికి చెందిన గుణం. దానిని ఋత్విజుడు యజమాని తరఫున పట్టడానికి వీలులేదు. పాత డిఫాల్ట్ చేసింది సరిగ్గా అదే. కొత్తది పని జరిపించి, జరిపించిన సంగతి చెప్పి, వ్రతం పట్టే హక్కును స్వామికే వదిలింది. ఈ మూడింటిలో చెప్పడం అనే నడిమి అంగం లోపిస్తే మాత్రం కొత్త డిఫాల్ట్ కూడా పాతదానంత అన్యాయమే అవుతుంది.

భాష విషయం ఇంకా సున్నితమైనది. యజమాని ఏ భాషలో ఆలోచిస్తాడో చెప్పే సంఖ్య ఏ చిప్‌లోనూ ఉండదు. అందుకే డెబియన్ ఇన్‌స్టాలర్ తొలి ప్రశ్నల్లోనే భాషను అడుగుతుంది, జాబితాలో తెలుగు కూడా ఉంటుంది. కానీ తెలుగు లిపిలోని ఒత్తులు, గుణింతాలు సాదా అక్షరాల తెర మీద కుదురుకోవు కాబట్టి, గ్రాఫికల్ ఇన్‌స్టాలర్ నడిచినప్పుడే తెలుగు దొరుకుతుంది. తెర చిప్ గుర్తింపు విఫలమై ఇన్‌స్టాలర్‌ను సాదా తెర మీద నడపవలసి వస్తే, జాబితాలోంచి తెలుగు మాయమవుతుంది. ఒక వస్తుతంత్రమైన లోపం పురుషతంత్రమైన ఎంపికను మింగివేయడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. జైమిని మంత్రానికి ప్రతినిధి లేదన్నాడు. భాషకు ఆంగ్లాన్ని ప్రతినిధిగా నిలపడం ఇన్‌స్టాలర్ తనకు లేని అధికారాన్ని తీసుకోవడమే. హైదరాబాదు కేంద్రంగా తెలుగు లినక్స్ కోసం, బడిపిల్లలకు ఉద్దేశించిన బాల స్వేచ్ఛ అనే వ్యవస్థ కోసం కృషి చేసిన స్వేచ్ఛ సంస్థ, డెబియన్ ఆధారంగా చెన్నైలోని ప్రభుత్వ సంస్థ సీడాక్ రూపొందించి తెలుగుతో సహా భారతీయ భాషలలో అందించిన బాస్ లినక్స్ ఈ లోటును పూరించే దిశలో చేసిన ప్రయత్నాలే. అయితే పై నుంచి ప్రవహించి వచ్చే డిఫాల్ట్‌లు సరిగా లేకపోతే దిగువన ఉన్నవారి శ్రమ ఎప్పటికప్పుడు మొదటికి వస్తుంది.

ధర్మకీర్తి షరతు ఇక్కడ చివరిసారిగా, ఈసారి యంత్రాల మీద కాక మనుషుల మీద, వర్తిస్తుంది. ఏ పరికరాలు వాడుకలో ఉన్నాయో, ఏ డిఫాల్ట్‌లు విఫలమవుతున్నాయో డెబియన్ కార్యకర్తలకు తెలిపే దారుల్లో ఒకటి వాడుకరులు పంపే ఇన్‌స్టలేషన్ నివేదికలు. ఏయే ప్యాకేజీలు, అంటే ప్రోగ్రాముల కట్టలు, వాడుతున్నారో లెక్కించే సర్వేలో చేరతారా అన్న ప్రశ్నకు డిఫాల్ట్ సమాధానం వద్దు, అది గోప్యతకు ఇచ్చిన గౌరవం. కాని నివేదిక పంపే అలవాటు లేని ప్రాంతాలు ఆ లెక్కల్లో చీకటి గదులుగా మిగిలిపోతాయి, అక్కడి పాత యంత్రాలు లేనివిగా పరిగణనకు వస్తాయి, తరువాతి డిఫాల్ట్‌లు వాటిని మరచిపోతాయి. ఇది ఉభయుల బాధ్యత. ఇన్‌స్టాలర్లను రాసేవారు నివేదిక రాని చోట వాడుకరులు లేరని అనుకోవడం మానాలి. చీడికాడలో గాని, చోడవరంలో గాని, మాడుగులలో గాని పాత యంత్రం మీద తెలుగు ఇన్‌స్టాలర్‌ను నడిపిన ప్రతి ఉపాధ్యాయుడూ విద్యార్థీ, పని జరిగినా జరగకపోయినా, ఏ పరికరం గుర్తింపుకు వచ్చింది, ఏది రాలేదు, ఏ తెరలో తెలుగు కనబడకుండా పోయింది అన్న నాలుగు వాక్యాలు రాసి డెబియన్‌కు నివేదిక పంపాలి. దానికి ఒక ఈమెయిల్ చాలు, ఖాతా తెరవనక్కరలేదు.